చచ్చినవాళ్లు ముందే నవ్వేశారు

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేస్తే బాధపడింది బెల్లు కొట్టే అటెండరు ఒక్కడే. సార్లు ఎలాగూ నన్ను రోజూ వరండాలోనే నిలబెట్టేవాళ్లు కాబట్టి, ఆయన ఇనుప రాడ్డు నా చేతికిచ్చి గోడకు ఆనుకుని కునుకు తీసేవాడు. నేను పోయాక పాపం ఆయనే లేచి కొట్టుకోవాల్సి వచ్చింది. విద్యారంగానికి నేను చేసిన సేవ అంతవరకే. అలాంటివాడు సినిమా తీశాడంటే, అందులోనూ జాంబీల కామెడీ తీశాడంటే, అది ఎలా వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఊహించుకున్నారా? దానికన్నా కొంచెం ఘోరంగా వచ్చింది.

సూర్యాపేటలో నా బతుకుతెరువు మైకు. పెళ్లిళ్లు, చీరల ఫంక్షన్లు, ధోతీల ఫంక్షన్లు, షాపు ఓపెనింగులు, ఎక్కడ నలుగురు పోగైతే అక్కడ నేను మాట్లాడతాను. పెళ్లికొడుకు మేనమామ నడకను వెక్కిరిస్తాను, పెళ్లికూతురు తమ్ముడి క్రాఫును పొగుడుతున్నట్టే తిడతాను, జనం పడీ పడీ నవ్వుతారు. ఈలోపు వెనక మటన్ గిన్నె మూత తీస్తారు. అంతే, నేను మాట మధ్యలో ఉండగానే కుర్చీలు ఖాళీ. తర్వాత స్టేజీ మీద ఫొటోలు మొదలవుతాయి. "జోకరన్నా, జర పక్కకు జరుగు, ఫొటోల పడుతున్నవ్" అంటారు. జరుగుతాను. ఈ జిల్లాలో సగం పెళ్లి ఆల్బముల్లో నా మోచేయి మాత్రం ఉంటుంది.

ఇన్నేళ్లు నవ్వించాను కదా, అందులో ఏమైనా మిగిలిందా అని ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే ఏమీ తేలలేదు. అప్పుడు పుట్టింది ఈ పిచ్చి. ఒక్కసారి జనం చీకట్లో కూర్చుని, నేను తయారుచేసిన దాన్ని చూసి నవ్వాలి. నేను మైకు పట్టుకుని ఎదురుగా నిలబడకూడదు, వాళ్లను బతిమాలుకోకూడదు. నేను లేని చోట నా పని నవ్వించాలి. నాకు కావలసింది అదొక్కటే. పేరు అడగలేదు, హైదరాబాదు నుంచి పిలుపు అడగలేదు. నవ్వు అడిగాను.

కథ దొరికింది యూరియా లైన్లో. మా బావ, అంటే మా అక్క భర్త, తుంగతుర్తి దిక్కున గొర్లు మేపుతాడు, కొంచెం వరి కూడా వేస్తాడు. ఆయన మంద వదిలి రాలేక నన్ను లైన్లో నిలబెట్టాడు. తెల్లవారకముందే జనం. మనుషులు అలిసిపోయి పక్కకు కూర్చుంటే, వాళ్ల చోట చెప్పులు నిలబడ్డాయి. నా ముందు ఒక పెద్దమనిషి నిలబడే నిద్రపోతున్నాడు. లైను కదిలినప్పుడల్లా కళ్లు మూసుకునే అడుగు వేస్తున్నాడు. ఈయన చచ్చిపోయినా లైను వదలడు, పక్కవాడికి తెలియను కూడా తెలియదు అనుకున్నాను. అనుకుని నాలో నేనే నవ్వాను. వెనకాయన "ఏందిరా పొద్దుగాల్నే పిచ్చి లేసిందా?" అన్నాడు.

సినిమా అదే. ఒక రైతు యూరియా లైన్లో చనిపోతాడు. చనిపోయినా తన నంబరు పోనివ్వడు. మధ్యలో దూరడానికి వచ్చినవాణ్ని కరుస్తాడు. కరిపించుకున్నవాడు కూడా చచ్చి, బుద్ధిగా వచ్చి లైన్లోనే నిలబడతాడు. బతికున్నవాళ్లకూ చచ్చినవాళ్లకూ తేడా ఎవరికీ తెలియదు. చివరికి లోడు వస్తే సంచులన్నీ చచ్చినవాళ్లకే అందుతాయి, ఎందుకంటే వాళ్లకే ఓపిక ఉంది.

కోదాడలో నాకొక స్నేహితుడున్నాడు, పెళ్లి వీడియోలు తీస్తాడు. ఒకే పెళ్లిలో నేను మైకు, అతను కెమెరా, అలా కలిశాం. కథ చెబితే అతను టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "తీద్దాం అన్నా, ఎలాగో తీసేద్దాం" అన్నాడు. కెమెరా అతనిది, ఎడిటింగు కూడా అతనే. మనుషులు నావాళ్లు. నాకు తెలిసిన ఆటో డ్రైవర్లు, హమాలీలు, బ్యాండు మేళం వాళ్లు. ఫ్రీగా చావడానికి మా దగ్గర మనుషులకు కొరత లేదు.

అసలు మనిషి మాత్రం మా బావ. ఆయన ముఖం గురించి చెప్పాలి. మా బావ నవ్వడు. కోపమని కాదు, దుఃఖమని కాదు, ఆయన ముఖం అంతే. గొర్ల సంతలో బేరగాళ్లు ఆ ముఖం చూసి ధర ఎంత దాకా లాగవచ్చో తెలియక చేతులెత్తేస్తారు. బామ్మర్దిగా ఆయన్ను ఏడిపించే హక్కు నాకుంది, పెళ్లినాటి నుంచీ ఆ హక్కు వదలకుండా వాడాను, పెదవి చివర కూడా కదల్లేదు. అలాంటి ముఖంతో ఒక శవం టోకెను పట్టుకుని, లైన్లో గంభీరంగా, న్యాయంగా నిలబడితే! సినిమాలో ఉన్న కామెడీ అంతా ఆయన నవ్వకపోవడంలోనే ఉంది. నేను రాసిన డైలాగులు కూడా దానిముందు దండగే.

"జాంబీ అంటే ఏందిరా?" అని అడిగాడు.

"సచ్చిన పీనుగు లేసి తిరుగుడు బావా."

"తిరిగి?"

"మనుషులను కరుస్తది."

"కుక్కలు సాలవా?" అన్నాడు, అదే ముఖంతో. అప్పుడే నాకు సినిమా హిట్టయినట్టు అనిపించింది.

అడ్డు వచ్చింది మా అక్క. "మీ బావను సంపుతవారా?" అని చేతిలో ఉన్న గంటె నా మీదికి ఎత్తింది.

"సినిమాల అక్కా."

"సినిమాలనే అంటున్న. సచ్చిన యేషం ఏసినోళ్లు షాటు అయినంక కెమెరా దిక్కు సూసి నవ్వాలట. ఆ నవ్వు గూడ కెమెరల తియ్యాలట. లేకుంటే పాణానికి కీడట. టీవీల జెప్పిండ్రు. నవ్విపిస్తనంటే పంపుత, లేదంటే మంద కాడికి పో అంట."

ఆమె చెప్పింది నిజమే. సినిమా వాళ్లలో ఆ పద్ధతి ఉంది. శవంగా పడుకున్న నటుడు షాటు కాగానే లేచి కెమెరా వైపు నవ్వాలి, దిష్టి పోతుందని. కెమెరా స్నేహితుడు కూడా "అవునన్నా, అది చేయాల్సిందే" అన్నాడు. సరే అన్నాను. ఒక నవ్వుతో పోయేదేముంది? నేను మరిచిపోయిందేమిటంటే, మామూలు సినిమాలో ఎవరో ఒకరు చస్తారు, ఒకసారి నవ్వితే సరిపోతుంది. మా సినిమాలో మొదటి సీను నుంచి అందరూ చచ్చే ఉంటారు. ప్రతి షాటూ చావు షాటే. మా అక్క మాట విని మిగతా శవాల భార్యలు కూడా అదే షరతు పెట్టారు.

షూటింగు మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో. కోతలు మొదలయ్యేదాకా మిల్లు ఖాళీ. మిల్లు సేటు కూతురి ఫంక్షన్లో నేను మైకు పట్టాను, ఆ మొహమాటంతో తాళాలిచ్చాడు. మిల్లు వెనక ఊక కాల్చిన బూడిద గుట్టగా ఉంటుంది. అదే మాకు మేకప్. ముఖానికి రాస్తే మనిషి నిజంగానే పోయినవాడిలా అయిపోతాడు, దురదకు మాత్రం బతికున్నట్టు గోక్కుంటాడు. రక్తానికి బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపాం. పాకానికి ఈగలు వచ్చాయి. శవాల మీద ఈగలు, ఖర్చు లేకుండా దొరికిన గ్రాఫిక్సు! నేను మురిసిపోయాను.

మా అక్క నవ్వు షాట్లు కళ్లారా చూడాలని సద్ది కట్టుకుని బస్సెక్కి వచ్చి, గోనె సంచుల మీద కూర్చునేది. నేను "కట్" అనగానే "ఇగ నవ్వుండ్రి" అని ఆమె అరిచేది. ఆటో డ్రైవర్లు, హమాలీలు హాయిగా నవ్వేవాళ్లు. మా బావకే రాలేదు. పెదవులు అటూ ఇటూ లాగేవాడు, పంటి నొప్పి వచ్చినవాడిలా.

"గది నవ్వు గాదు, పండ్లు కనవడాలె" అనేది మా అక్క.

"ఇన్నేండ్ల సంసారంల ఎన్నడన్న కనవడ్డయా?" అనేవాడు ఆయన.

జోకులు చెప్పమని నన్ను పురమాయించింది. నాకు వచ్చినవన్నీ చెప్పాను. వాటిని రాయి మీద పోసి ఉంటే అదైనా కొంచెం తడిసేది. ఒకరోజు లైను సీను తీస్తున్నాం, శవాలన్నీ వరసగా నిలబడ్డాయి. నేను "యాక్షన్" అనడానికి నోరు పెద్దగా తెరిచాను. బావ చెంప మీది బెల్లం రక్తం నుంచి ఒక ఈగ లేచి నేరుగా నా గొంతులోకి పోయింది. నేను దగ్గుతూ, ఉమ్ముతూ, కన్నీళ్లతో బూడిద గుట్ట మీద కూలబడ్డాను. అప్పుడు వినిపించింది ఒక శబ్దం, ఎండిపోయిన బోరు ఒక్కసారిగా నీళ్లు కక్కినట్టు. మా బావ నవ్వుతున్నాడు. కడుపు పట్టుకుని, టోకెను పారేసి, పక్క శవం భుజం మీద వాలిపోయి నవ్వుతున్నాడు. మా అక్క సంచుల మీద నుంచి లేచి నిలబడింది. కెమెరా అతను తీశాడు. ఆ క్షణంలో నా అంత గొప్ప దర్శకుడు లేడనుకున్నాను.

నాశనం మొదలైంది అక్కడే. ఆ తర్వాత ప్రతి షాటుకీ నేను "యాక్షన్" అని నోరు తెరవగానే ఆయనకు ఈగ గుర్తొచ్చేది. ముఖం గంభీరంగానే పెట్టేవాడు, కానీ పెదవి చివర ఏదో వణికేది. ఆయన్ను చూసి పక్కవాళ్లు. షాటు కాగానే ఎలాగూ నవ్వాలని తెలుసు కాబట్టి అందరి నోళ్లూ ముందే తయారుగా ఉండేవి. కూర పొయ్యి మీంచి దింపక ముందే కంచం ముందు కూర్చున్నట్టు. ఎండలో ఆ చిన్న కెమెరా తెర మీద నాకు ఏమీ కనిపించేది కాదు. నాకు వినిపించేది సెట్టు మొత్తం నవ్వుతున్న చప్పుడు. ఇక్కడే ఇంత నవ్వుతుంటే రేపు హాల్లో ఎంత నవ్వుతారో అని లెక్కలు వేసుకున్నాను. లెక్కల్లో నేనెంత గట్టివాడినో మీకు తెలిసిందే.

కెమెరా అతను ఒకసారి పక్కకు పిలిచాడు. "అన్నా, మీ బావగారు కట్ చెప్పకముందే నవ్వేస్తున్నారన్నా. ఒకసారి చూసుకుందామా?"

"కామెడీ సినిమాల నవ్వకుంటే ఏడుస్తరా?" అన్నాను. చుట్టూ ఉన్న శవాలన్నీ ఘొల్లుమన్నాయి. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నా నోటికి అడ్డంగా ఎవరూ నిలబడలేరు, అదే నాకు పట్టిన దరిద్రం.

మిల్లుకు ధాన్యం రావడానికి ముందే షూటింగు ముగించి, కోదాడలో అతని స్టూడియోలో కూర్చున్నాం. పెళ్లికూతుళ్ల ఫొటోల మధ్య పెద్ద తెర. మొదటి షాటు వేశాడు. బావ లైన్లో నిలబడ్డాడు, చచ్చి, బూడిద రంగులో. మొదట బ్రహ్మాండం. తర్వాత పెదవి కదిలింది. రెండోది వేశాడు. మూడోది. శవాలన్నీ మేనత్త పెళ్లికి వచ్చినట్టు ముసిముసిగా నవ్వుతున్నాయి. కరిచేవాడు నవ్వుతూ కరుస్తున్నాడు, కరిపించుకునేవాడు నవ్వుతూ చస్తున్నాడు. నేను నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

అప్పుడు తెలిసింది, తెర మీద మనిషి నవ్వేస్తే చూసేవాడికి నవ్వడానికి ఏమీ మిగలదని. మైకు పట్టుకుని ఇన్నేళ్లు నేను చేసిందీ అదే కదా. ఎదుటివాణ్ని నవ్వించేటప్పుడు నేనెప్పుడైనా నవ్వానా? తెలిసిన విద్యే, అయినా కళ్ల ముందే దాటిపోయింది.

నవ్వు వచ్చే ముందే కోసేద్దామన్నాడు. కోశాడు. కోస్తే ప్రతి శవమూ కళ్లు ఆర్పేంతసేపే ఉంది. ఎవడు చచ్చాడో, ఎవడు కరిచాడో దేవుడికి కూడా అర్థం కాదు. మళ్లీ అతికించాడు.

మళ్లీ తీద్దామని మిల్లుకు పోతే లారీలు బారులు తీరి ఉన్నాయి. "గిప్పుడు ఏం షూటింగన్నా, నిలవడ జాగ లేదు" అన్నాడు సేటు. శవాలన్నీ పనుల్లోకి పోయాయి. బావ మందను తోలుకుని కోసిన పొలాల వెంట వాడపల్లి దాకా పోయాడని తెలిసి, ఫోనుతోనైనా ఆయన ముఖం ఒక్కటి తీసుకుందామని వెళ్లాను. వరి కొయ్యకాళ్ల మధ్య గొర్లు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగ. నన్ను చూడగానే ఆయన ముఖంలో వెలుగు.

"బావా, ఒక్కసారి ఎనుకటి మొఖం పెట్టు. ఒక్క నిమిషం సాలు."

కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ఊపిరి బిగించాడు. దూరంగా కొండ వైపు చూశాడు. బాగానే ఉంది. నేను ఫోను ఎత్తాను, నోరు కూడా తెరవలేదు. ఆయన కళ్లు నా మీదికి వచ్చాయి, అంతే, నవ్వు తన్నుకొచ్చింది.

"అయితలేదురా. నిన్ను సూస్తె ఈగ యాదికొస్తది."

"నన్ను సూడకు బావా."

"సూడకున్నా యాదికొస్తది" అన్నాడు. తర్వాత, తప్పు చేసినవాడిలా, "ఏమన్న కరాబైందా?" అని అడిగాడు. ఏం లేదన్నాను. ఆ ముఖాన్ని తిరిగి తెచ్చే ఉపాయం నా దగ్గర లేదు. పోనీ ఆయన్ను మళ్లీ నవ్వకుండా చేయాలని కోరుకుంటే, అంతకన్నా నీచుడు ఉంటాడా? కోరుకున్నాను, అదీ నిజమే. గొర్ల మధ్య నిలబడి, ఈ మనిషికి ఏదైనా కష్టం వస్తే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను.

సినిమా ఉన్నది ఉన్నట్టు వేయాల్సి వచ్చింది. వేయకుండా దాచేద్దామంటే శవాల ఇళ్లలో ఊరుకోలేదు. కోదాడలో ఒక ఫంక్షన్ హాలు, ఆదివారం పగటిపూట ఖాళీగా దొరికింది. ముందురోజు పెళ్లి పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. శవాల కుటుంబాలు వచ్చాయి, కెమెరా అతనికి తెలిసిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వచ్చారు, వంటమనుషులు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్క పక్కన ముందు వరసలో. నేను కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను.

మొదటి జోకు వచ్చింది. పోయింది. పాటకు ముందు ఉండే నిశ్శబ్దంలాంటిదేమో అనుకున్నాను. రెండోదీ పోయింది. తెర మీద బావ చచ్చిపోయి, మెల్లగా లేచి లైన్లో నిలబడి, చిరునవ్వు నవ్వాడు. నా ముందు కూర్చున్న ఒక ముసలావిడ పక్కావిడను అడిగింది, "ఆయన ఎందుకంత సంతోషంగా ఉన్నాడే?"

"యూరియా దొరికినట్టుందిలే" అంది పక్కావిడ.

హాలంతటికీ అర్థమైన కథ అదే. తెర మీద చచ్చినవాళ్లందరూ ఆనందంగా ఉన్నారు, కింద బతికున్నవాళ్లందరూ చచ్చినట్టు కూర్చున్నారు. ఒక కుర్చీ కిర్రుమంటే ఎవరో నవ్వారేమోనని నా తల అటు తిరిగేది. ఎవరో దగ్గితే కూడా తిరిగేది. శవాల భార్యలు కొందరు తమ మనిషి రాగానే ఫోను ఎత్తి ఫొటో తీసుకున్నారు, మళ్లీ దించారు. మా అక్క మొదట బావ నవ్వును చూసి పొంగిపోయింది. కాసేపటికి తల వెనక్కి తిప్పి జనాన్ని చూసింది. అటు ఇటు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం తెరనే చూస్తూ కూర్చున్నాడు. తెర వెలుగులో ఆయన ముఖం నాకు పక్క నుంచి కనిపిస్తూనే ఉంది. అందులో నవ్వు లేదు.

సినిమా అయిపోయింది. కెమెరా అతను ఒక్కడే చప్పట్లు కొట్టాడు, ఎవరూ కలవకపోయేసరికి చేతులు జేబులో పెట్టుకున్నాడు. బయటికి పోయేవాళ్లందరూ నా పక్క నుంచే పోవాలి. "మంచి ప్రయత్నం" అని భుజం తట్టారు. ఆ రెండు మాటలకన్నా పెద్ద తిట్టు మన భాషలో లేదు. ఒక శవం మాత్రం నిజాయితీగా, "నువ్వు మైకుల్నే మంచిగుంటవన్నా" అన్నాడు.

కెమెరా అతను మళ్లీ పెళ్లిళ్లు తీస్తున్నాడు. సినిమా అతని హార్డ్ డిస్కులో పడి ఉంది. యూట్యూబ్‌లో పెడదామంటే నేనే వద్దన్నాను. ఒకసారి చచ్చినదాన్ని లోకం ముందు మళ్లీ లేపి నిలబెట్టడం ఎందుకు? నేను మైకు పట్టుకుంటూనే ఉన్నాను. జనం నవ్వుతూనే ఉన్నారు. ఎందుకు నవ్వుతున్నారో ఇప్పుడు నాకు తెలియడం లేదు. ఇంతకుముందు జోకు చెప్పి నవ్వు కోసం చెవి పెట్టేవాణ్ని. ఇప్పుడు చెప్పి, ఆ నవ్వు వినకముందే తర్వాతది చెప్పేస్తున్నాను. మధ్యలో ఖాళీ వస్తే ఆ హాలు గుర్తొస్తుంది.

సినిమా వేసిన ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం కూర్చున్నాం. బావ టీ తాగుతున్నాడు. అక్క సంచిని ఒడిలో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. నాకు నిశ్శబ్దం పడదు. ఇక ఆగలేక అన్నాను, "ఏమన్న గానీ బావా, ఒక్కలు గూడ మధ్యల లేసిపోలే. పెద్ద పెద్ద సినిమాలకే ఇంటర్వెల్ల సగం హాలు ఖాళీ అయితది."

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"తలుపు కాడ నువ్వు నిలవడితివి గదరా. నీ మొఖం సూసి ఎవలికి లేవబుద్ధి అయితది?"